నూనె పూసిన ఉక్కు తాళ్లు

మా ఇంట్లో ఇనుప వస్తువు ఏదీ నూనె మడ్డి రాయకుండా మూలకు చేరదు. శెనక్కాయలు ఆడించి నూనె తెచ్చుకున్నాక, డబ్బా అడుగున నల్లగా, చిక్కగా మిగిలేదే మడ్డి. వంటకు పనికిరాదు. పారబోయడానికి నాకు మనసొప్పదు. పాత లుంగీ గుడ్డను అందులో ముంచి కొడవళ్లకు, పారలకు, గొడ్డలికి బాగా పట్టించి, గోనెలో చుట్టి పెడతాను. నేను కాపురానికి వచ్చినప్పుడు మా అత్త నేర్పిన మొదటి పని ఇది. అప్పటి కొడవలి ఇప్పటికీ నా దగ్గర ఉంది. అరిగి సగమైంది గానీ తుప్పు పట్టలేదు.

ఈ అలవాటును ఒకసారి కొండ దగ్గరికి తీసుకుపోయి, నా కొడుకు తల మీది బండను వదులు చేసినంత పని చేశాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కూడబలుక్కుంటూ రాస్తున్నాను. అయినా ఈ సంగతి నేను రాయడమే మంచిది. వేరేవాళ్లు చెబితే మేస్త్రీ మీదికో, సిమెంటు కలిపే ఆమె మీదికో నెట్టి చెబుతారు.

వేంపల్లె దాటి మా ఊరికి వస్తుంటే ఒక కొండ అడ్డం వస్తుంది. దాన్ని తొలిచి కాలువ నీళ్లు ఇవతలికి తేవాలని సొరంగం పని మొదలుపెట్టారు. నా కొడుకు అందులో డ్రిల్లు మిషను మీద చేరాడు. ఇంట్లో కూర్చుని నేను చేసేదేముందని, ఒకరోజు నేనూ పోయి మేస్త్రీని పని అడిగాను.

"నువ్వేం చేస్తావవ్వా? రాయి మోస్తావా?" అన్నాడు నవ్వుతూ.

"మోసే వయసులో మోసినాలేప్పా. నీ స్టోరు తలుపు బార్లా తీసుండాది. లోపల పందికొక్కులు తిరుగుతాండాయి. ఆ గది నాకప్పజెప్పు."

అతను తలుపు వైపు చూశాడు. నిజంగానే ఒక పందికొక్కు గడప దాటి పోతోంది. ఆ రోజే తాళంచెవి నా కొంగుకు వచ్చింది.

మా కొండ రాయి ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. మా ఇళ్ల కప్పు మీద, వసారాలో పరిచే నల్ల బండలు ఇలాంటి కొండల్లోంచే తీస్తారు. బండ మీద బండ, రొట్టెలు పేర్చినట్టు పొరలుగా ఉంటుంది. సొరంగం మొగదల దగ్గర, అంటే లోపలికి పోయే నోటి దగ్గర, ఆ పొరలు బయటి వైపుకు వాలి ఉన్నాయి. రెండు పొరల నడుమ పలచగా మెత్తటి మన్ను ఉంటుంది. ఎండాకాలంలో అది రాయిలాగే ఉంటుంది. వాన నీళ్లు దిగితే మాత్రం సబ్బులాగా జారుతుంది. అప్పుడు పైబండ ఒక్కసారిగా ఊడిపడదు. ముందు కింది బండ మీద పక్కకు జరుగుతుంది, వెంట్రుక వాసి, వెంట్రుక వాసి.

అలా జరగకుండా మొగదల పైనా పక్కలా ఉన్న రాతిగోడకు కేబుల్ బోల్టులు వేశారు. పేరు బోల్టే గానీ దానికి మరలు ఉండవు. ఏడు ఉక్కు తీగలు కలిపి పేనిన తాడు అది. కొండలోకి నాలుగైదు నిలువుల లోతుగా బెజ్జం వేసి, తాడు దూర్చి, చుట్టూ సిమెంటు పాలు పంపుతో ఎక్కిస్తారు. పాలు గట్టిపడితే తాడూ, పైబండా, లోపలి కొండా ఒకటిగా ఉంటాయి. మూరెడు కొస బయటికి వదిలిపెడతారు. ఆ కొసకు తరువాత ఇనుప బిళ్ల వేసి జాకీతో బిగిస్తారు. ఆ బిళ్లలు ఇంకా రాలేదు.

మిషను మనుషులు రోజుకు రెండుసార్లు ఆ గోడ కిందుగానే లోపలికి పోయి రావాలి. నా కొడుకు మధ్యాహ్నం కూడా అక్కడే ఉండేవాడు. సొరంగంలో ఉక్కపోస్తుందని బయటికి వచ్చి, మొగదల నీడలో రాయి మీద కూర్చుని క్యారియరు విప్పేవాడు. మిట్టమధ్యాహ్నం ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా నీడ లేదు.

వినాయక చవితికి ముందు వారం రోజులు తుంపర పట్టింది. స్టోరు రేకుల సందుల్లోంచి చెమ్మ దిగి, లోపల చుట్టలుగా పెట్టిన ఆ ఉక్కు తాళ్ల మీద ఎర్రటి పొడి లేచింది. చేత్తో తుడిస్తే చేతికి అంటుతోంది. అంత మంచి ఉక్కు నా కాపలాలో తుప్పు పట్టిపోవడమా అని నాకు అన్నం సహించలేదు. ఇంటి నుంచి మడ్డి డబ్బా తెచ్చాను. మూడు రోజులు కూర్చుని, తీగకూ తీగకూ మధ్య గుడ్డ కొస దూర్చి మరీ పట్టించాను. మడ్డి అయిపోయేదాకా పూశాను. కొన్ని తాళ్లు మిగిలిపోయాయి. వాటికి చాలలేదే అని బాధపడ్డాను కూడా.

మేస్త్రీ వచ్చి చూసి, "ఏందవ్వా, తాళ్లు కొత్త పెండ్లికూతురి జడ మాదిరి మెరుస్తాండాయి" అన్నాడు.

"పని అంటే ఇట్ల చెయ్యాలప్పా. చూసి నేర్చుకో."

అతను బెజ్జాలు వేయడంలో చేయి తిరిగినవాడే గానీ, ఈ తాళ్ల పని అతనికీ కొత్త. మరునాటి నుంచే ఆ తాళ్లు గోడకు పోయాయి. నూనె రాసినవీ, రాయనివీ కలిసే పోయాయి.

పది రోజులకొకసారి ఒక ఇంజినీరమ్మాయి వచ్చేది. రాజంపేట వైపు పిల్ల. నేను "పాపా" అని పిలిస్తే మేస్త్రీ నా చెవిలో, "మేడమ్ అనవ్వా" అని గొణిగేవాడు. ఆ అమ్మాయి స్టోరు ముందు ఇనుప చట్రం ఒకటి పెట్టించి తాళ్లను పరీక్ష చేసేది. మూడు కాంక్రీటు దిమ్మెలు పక్కపక్కన ఉంటాయి. మూడింటి గుండా ఒకటే బెజ్జం, అందులో తాడు, చుట్టూ సిమెంటు పాలు. అటు దిమ్మెనూ ఇటు దిమ్మెనూ కదలకుండా బిగించి, నడిమి దిమ్మెను జాకీతో కిందికి నొక్కుతారు. నడిమిది జరిగే బండ అనుకోవాలి, పక్కవి జరగని కొండ. బండ జరిగితే తాడు ఎంతవరకు ఆపుతుందో అలా తెలుస్తుంది.

ముందుసారి వచ్చినప్పుడే అలాంటివి, మూడేసి దిమ్మెలు ఒక జతగా, రెండు జతలు సిద్ధం చేయించి పోయింది. ఒక జతకు తాడు నా స్టోరు నుంచి ఇచ్చాను. రెండో జతకు అప్పుడే లారీలోంచి దించిన తాడు వాడారు. సిమెంటు పాలు మాత్రం రెండింటికీ ఒకే తొట్టిలోంచి పోశారు.

మొదట నా స్టోరు తాడు ఉన్న జతను చట్రంలో పెట్టారు. జాకీ కొట్టేకొద్దీ నడిమి దిమ్మె దిగుతూనే ఉంది. చప్పుడు లేదు. అమ్మాయి జాకీకి ఉన్న గడియారం లాంటిదాని ముల్లును చూస్తూ నొసలు ముడిచింది. బయటికి ఉన్న తాడు కొస, మేమందరం చూస్తుండగానే, పాము పుట్టలోకి పోయినట్టు దిమ్మెలోకి పోయింది.

"ఇది పట్టుకోనేలేదు" అంది అమ్మాయి. "సిమెంటు పాలు ఎవరు కలిపినారు?"

కలిపింది మా వీధి చివరి ఇంటామె. మేస్త్రీ ఆమె మీదికి లేచాడు.

"నీళ్లు బాగా పోసినట్టుండావే! పాలు చేయమంటే మజ్జిగ చేసినావు."

"డబ్బాతో కొలిచి పోసినానన్నా. పక్కనే నిలబడి బీడీ తాగుతాండావు గదా, అప్పుడు నీ కండ్లు యాడ పెట్టుకున్యావు?"

"నోరు తగ్గించు. రేపట్నించి నువ్వు రావొద్దు."

నాకు అక్కడే అనుమానం వచ్చింది. బిందె నీళ్ల కోసం ట్యాంకరు ముందు నిలబడే ఊరు మాది. నీళ్లు ఎక్కువ పోసే చెయ్యి మా వీధిలో లేదు. మధ్యాహ్నం అన్నాలకు అందరూ లేచాక చట్రం దగ్గరికి పోయాను. చివరి దిమ్మెను ఊడదీసి పక్కన పెట్టారు. బయటపడిన తాడు నున్నగా ఉంది, సిమెంటు పొక్కు కూడా అంటలేదు. వంగి వాసన చూశాను. మా ఇంటి డబ్బా వాసనే.

మేస్త్రీని పక్కకు పిలిచి చెప్పాను.

"ఆ తాళ్లకు నేను మడ్డి పూసినాప్పా. సిమెంటు తప్పు గాదు."

అతని ముఖం వాడిపోయింది. "ఎన్నిటికి పూసినావు?"

"మడ్డి ఎంతవరకు వస్తే అంతవరకు."

"అవి గోడలోకి పోయినాయి గదవ్వా! ఇప్పుడు ఈ మాట బయటికొస్తే నువ్వూ ఉండవు, నేనూ ఉండను. ఎవరికీ చెప్పొద్దు. లోపల సిమెంటు అంత లోతు ఉండాది, యాడికి జారుతాది? సిమెంటామెను నాలుగు రోజులు పోయినాక మళ్లా పిలుస్తాలే."

ఉన్నది ఆ ఒక్క పని. దాన్ని పోగొట్టుకోవాలని నాకూ లేదు. నిజం చెప్పాలంటే, తాళంచెవి కొంగున ముడేసుకుని తిరగడం నాకు బాగుండేది. అలా ఆలోచించుకుంటూ మొగదల వైపు వచ్చాను. నా కొడుకు ఎప్పటిలాగే గోడ నీడలో కూర్చుని సంగటి ముద్ద తుంచుతున్నాడు. వాడి తల మీద వరసగా తాడు కొసలు పొడుచుకుని ఉన్నాయి.

"లెయ్‌రా ఆడినించి!"

"ఏం మా?"

"లెయ్యంటాండా గదా. ఈడికొచ్చి కూర్చో."

"ఎండలోనా?"

"ఎండకు కరిగిపోతావా ఏమి?"

వాడు క్యారియరు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా ముఖం చూసి, ఏమైందో చెప్పమన్నాడు. చెప్పాను. వాడు తినడం ఆపి గోడ వైపు చూశాడు.

"నన్నొక్కన్ని లేపితే సరిపాయనా మా? లోపల ఇంకా ముప్పై మంది ఉండారు. వాళ్లు కూడా దాని కిందనే గదా బయటికి రావాల."

అంతే అన్నాడు. మళ్లీ తినడం మొదలుపెట్టాడు. నేను లేచి అమ్మాయి దగ్గరికి పోయాను. నా వెనకాలే వస్తున్న మేస్త్రీ చేతులు ఊపుతున్నాడు. నేను ఆగలేదు.

"పాపా, తాళ్లు తుప్పు పడతాయని నేను శెనక్కాయ మడ్డి పూసినాను. సిమెంటు కలిపినామె తప్పేం లేదు."

ఆ అమ్మాయి నన్ను తిడుతుందనుకున్నాను. ముందు లోపలివాళ్లందరినీ బయటికి పిలిపించింది. మొగదలకు అడ్డంగా నార తాడు కట్టించి, ఎవరినీ పోనీయవద్దని చెప్పింది. తరువాత నా వైపు తిరిగింది.

"పలచటి తుప్పు ఉంటే ఏమీ గాదవ్వా. సిమెంటు ఇంకా బాగా పట్టుకుంటాది. నూనె ఉంటేనే పట్టు తప్పుతాది."

"కొడవలికి తుప్పు మంచిది గాదు గదా."

"కొడవలిని సిమెంటులో పాతిపెట్టవు గదవ్వా."

సాయంత్రం లోపల రెండో జతను చట్రంలో పెట్టి, నన్ను పక్కనే నిలబెట్టుకుంది. ఈ తాడు వేరేలా ప్రవర్తించింది. నడిమి దిమ్మె కొంచెం దిగగానే లోపల మూలిగినట్టు చప్పుడు. దిమ్మెకూ దిమ్మెకూ మధ్య బెజ్జం అంచున సిమెంటు నలిగి పొడి రాలింది. ఆ సందులోంచి చూస్తే తాడు తెగలేదు, మెలిక తిరిగినట్టు వంగింది. జాకీ కొట్టే మనిషికి చెమటలు పట్టాయి. దిమ్మె ఇక దిగనంటోంది. చాలాసేపటికి లోపల ఒక తీగ 'టప్'మని తెగింది. ఇంకొంచెం కొడితే ఇంకొకటి. ఏడు తీగలూ ఒక్కసారిగా పోలేదు.

"చూసినావా?" అంది అమ్మాయి. "బండ జరిగితే తాడు కత్తితో కోసినట్టు తెగదు. ముందు వంగుతాది. వంగిన చోట సిమెంటు నలిగి కొంచెం జాగా ఇస్తాది. ఆ జాగాలో తాడు ఏటవాలుగా సాగుతాది. అప్పుడు అది బండను లాగి పట్టుకుంటాది. అట్ల లాగాలంటే రెండు పక్కలా లోపల గట్టి పట్టు ఉండాల."

"బొంత కుట్టు మాదిరి" అన్నాను. "దారం చివర ముడి లేకుంటే, పైగుడ్డ పక్కకు లాగితే దారం తెగదు. జారి వచ్చేస్తాది."

"ఔను. నువ్వు ముడిని నూనెతో ఇప్పేసినావు."

గోడలో అరవై దాకా తాళ్లు ఉన్నాయి. వాటిలో నూనెవి ఏవో స్టోరు పుస్తకంలో లేదు, నాకూ తెలియదు. అన్నిటినీ గట్టిగా లాగి చూస్తే మంచివి కూడా చెడతాయట. అన్నిటి పక్కనా కొత్త బెజ్జాలు వేయాలంటే శానా రోజులు పడుతుంది. పడమటి దిక్కున మబ్బు కమ్ముతోంది. ఏవి ముందు వేయాలో తెలిస్తే చాలునని అమ్మాయి తల పట్టుకుంది. మేస్త్రీ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. సిమెంటామె మాత్రం, "రేపు రావాల్నా, వద్దా?" అని అతన్ని గట్టిగా అడిగింది. రమ్మన్నాడు.

తెల్లవారి ఎండ పొడవగానే నేను అడ్డం కట్టిన నార తాడు దగ్గరికి పోయి నిలబడ్డాను. కింది వరసలో ఒక తాడు కొస మీద నల్లగా గీత గీసినట్టు కనిపించింది. నిన్న లేదు. ఆ గీత కదులుతోంది. చీమలు. పగులులోంచి బారుగా వచ్చి, తాడు పేటల సందుల్లో మిగిలిన శెనక్కాయ నలుసుల కోసం ఎక్కుతున్నాయి. దాని పక్క కొసకు ఒక్క చీమ లేదు. ఆ పై కొసకు మళ్లీ బారు.

మా ఇంట్లో మడ్డి డబ్బా ఉన్న మూలను నేను రోజూ ఊడుస్తాను. చీమలు దేనికి వస్తాయో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

అమ్మాయి మొదట నమ్మలేదు. చీమలున్న కొసలు మూడు, లేనివి రెండు జాకీతో లాగించింది. మూడూ జారాయి. రెండూ నిలిచాయి. తరువాత నా కొడుకు నడుముకు బెల్టు కట్టుకుని, పక్క నుంచి నిచ్చెన మీద ఎక్కి ఒక్కొక్క కొసనూ చూస్తూ, "ఉండాయి", "లేవు" అని అరిచాడు. ఉన్నవాటికి ఎర్ర రంగు పూశాడు. పద్దెనిమిది తేలాయి. వాటి పక్కన కొత్త బెజ్జాలకు గుర్తులు పెట్టారు.

కింది వరసలో ఒక తాడుకు కొస లేదు. గాలి గొట్టం పోవడానికి అడ్డమొస్తోందని గోడకు సమంగా ముందే కోసేశారు. కొస లేకపోతే లాగి చూడటానికి జాకీకి పట్టు దొరకదు. చీమలు కూడా లేవు.

"అది మంచిదే అయింటాది. వదిలెయ్యండి" అన్నాడు మేస్త్రీ. "ఊరికే ఒక తాడు దండగ."

జన్మలో నేను ఒక వస్తువును దండగ చేయమని ఎవరికీ చెప్పలేదు. అన్నం మెతుకు కింద పడితే తీసి కోడికి వేసేదాన్ని. ఆ రోజు మాత్రం, "దాని పక్కన కూడా ఒకటి వెయ్యప్పా" అన్నాను.

"చీమలు లేవు గదవ్వా?"

"కొసే లేకుంటే చీమలు యాడెక్కుతాయి? నీకు తెలీదు, నాకూ తెలీదు. తెలీనప్పుడు వెయ్యాల్సిందే. పోతే ఒక తాడు పోనీ."

అమ్మాయి దానికి కూడా గుర్తు పెట్టింది.

తాళంచెవి మేస్త్రీ తీసేసుకున్నాడు. నేను ఇచ్చేశాను. స్టోరులో ఇంకా నూనెతో మిగిలిన తాళ్లను కడిగే పని నాదే అయింది. బట్టల సోడా వేడినీళ్లలో కలిపి, కొబ్బరి పీచుతో తీగ తీగకూ రుద్దాను. పూయడానికి మూడు రోజులు పట్టింది, కడగడానికి ఆరు. సిమెంటామె తొట్టి కలుపుతూనే, "కుంకుడుకాయ కూడా కొట్టి తలంటు పొయ్యవ్వా, అంతటితో ఎందుకు ఆపుతావు?" అని ఎగతాళి చేసేది. నేను పీచుతో ఇంకా గట్టిగా రుద్దేదాన్ని. ఆమెకు ఆ మాట అనే హక్కు ఉంది.

కొత్త తాళ్లన్నీ వేసి, సిమెంటు గట్టిపడి, బిళ్లలు బిగించి, జనాన్ని లోపలికి వదిలారు. నేను రోజూ పని ముగిసేదాకా మొగదల ఎదురుగా కూర్చునేదాన్ని. తరువాత ఎనిమిది రోజులకు వాన వచ్చింది. మా సీమలో వచ్చినప్పుడే వస్తుంది, రెండు రోజులు ఆగకుండా కొట్టింది. పని ఆపేశారు. మూడో రోజు ఎండ కాశాక అమ్మాయితో పాటు అందరం పోయి చూశాం. రెండు బండల మధ్య గుర్తుకని పూసిన సున్నపు గీత విరిగి, పైముక్క బొటనవేలి మందం పక్కకు జరిగి ఉంది. అంతటితో ఆగింది. బిళ్లలు కొన్ని రాతిని కొరుక్కుని బిగుసుకుపోయాయి. అమ్మాయి ఒక్కొక్క దాన్నీ సుత్తితో కొట్టి చప్పుడు విని, ఇంకొక వరస అదనంగా వేయాలని రాసుకుంది. అప్పటిదాకా మొగదల కింద ఎవరూ ఆగకూడదంది.

అందరూ పోయాక నా కొడుకూ నేనూ కింది వరస దగ్గరికి వచ్చాం. కొస కోసేసిన ఆ తాడును చూద్దామని నేను వంగాను. ముందు గోడకు సమంగా ఉండిన తాడు కనిపించలేదు. బెజ్జం మాత్రం ఉంది. నడిమివేలు పెట్టాను. వేలు మొత్తం పోయింది. తాడు కొస తగల్లేదు. వేలు బయటికి తీస్తే జిడ్డుగా ఉంది.

దాని పక్కన మేము దండగగా వేయించిన తాడు బిళ్లను చేత్తో ఊపి చూశాను. కదల్లేదు.

"పా మా, అన్నం తిందాం" అన్నాడు నా కొడుకు.

వేలు కొంగుకు తుడుచుకుని, ఇద్దరం ఎండలోకి పోయి కూర్చుని తిన్నాం.